ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ బ్యాటింగ్: స్వింగ్, టైమింగ్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు వైపు సాఫ్ట్‌బాల్ మొదలుపెట్టే పిల్లల చేతికి అప్పటికే క్రికెట్ బ్యాటు అలవాటై ఉంటుంది. కాబట్టి సగం ప్రశ్నలు అక్కణ్ణుంచే పుడతాయి. కింద వేసిన లెక్కలన్నీ అమ్మాయిల ఆట కొలతలతో వేసినవి. పిచింగ్ దూరం (బంతి వేసే పిచ్చర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ పక్కన నేల మీద ఉండే ప్లేటు వరకు) 43 అడుగులు, అంటే 13.11 మీటర్లు. మగవాళ్ళకు 46 అడుగులు. చిన్న పిల్లల పోటీల్లో ఇంతకంటే దగ్గర ఉంటుంది, టోర్నమెంటు సర్క్యులర్‌లో చూసుకోండి. జవాబులు కుడిచేతి బ్యాటర్‌ను ఉద్దేశించి రాసినవి, ఎడమచేతివాళ్ళు దిక్కులు తిప్పి చదువుకోవాలి.

పిచ్చర్ అంత దగ్గర నుంచి వేస్తుంటే బంతిని చూసి కొట్టడం కుదిరే పనేనా?

కుదురుతుంది. బంతి ఎక్కడికొస్తుందో పూర్తిగా చూశాక కదులుదాం అనుకుంటే మాత్రం కుదరదు.

లెక్క వేసి చూడండి. పిచ్చర్ ముందుకు పెద్ద అంగ వేసి వదులుతుంది కనుక, బంతి చెయ్యి దాటేసరికి ప్లేటుకు మిగిలే దూరం 11 మీటర్ల చిల్లర. గంటకు 80 కి.మీ. అంటే సెకనుకు 22 మీటర్లు. మీకు దొరికేది అర సెకను. అందులో బ్యాటు బయల్దేరి బంతిని తాకడానికే 0.15 నుంచి 0.18 సెకను ఖర్చవుతుంది. అంటే బంతి ఇంకా నాలుగు మీటర్ల అవతల, ఒక కారు పొడవంత దూరంలో ఉండగానే స్వింగ్ మొదలైపోవాలి. 60 కి.మీ. బంతికి 0.67 సెకను దొరుకుతుంది, కాస్త తీరిక. అమెరికా పిచ్చర్ మోనికా అబాట్ 2012లో గంటకు 77 మైళ్ళతో, అంటే 124 కి.మీ. వేగంతో వేసిన లాంటి బంతికైతే మిగిలేది మూడోవంతు సెకనే.

క్రికెట్ భాషలో చెప్పాలంటే, నేలను తాకినప్పుడు తగ్గే వేగాన్ని పక్కన పెడితే, 80 కి.మీ. ఫాస్ట్‌పిచ్ బంతి ఇచ్చే సమయం 125 దాటిన బౌలింగ్ ఇచ్చే సమయంతో సమానం. 100 కి.మీ. అయితే 155 దాటినట్టే. "అండర్‌ఆర్మే కదా" అని తేలిగ్గా తీసుకునే అన్నయ్యలను ఒకసారి ప్లేటు దగ్గర నిలబెట్టండి చాలు.

ప్రతిసారీ లేటవుతున్నానని అంటున్నారు. బ్యాటు ఇంకా వేగంగా తిప్పాలా?

ముందు అడుగు సంగతి చూడండి. చాలామంది విషయంలో లేటయ్యేది బ్యాటు కాదు, కాలు. బంతి చెయ్యి దాటాక అప్పుడు కాలు ఎత్తుతారు. అది నేల మీదకు దిగేసరికి బంతి సగం దారి దాటిపోతుంది. ఇక మిగిలిన టైములో చేతులతో లాగి కొట్టడమే. బ్యాటు ఎంత వేగంగా తిప్పినా పోగొట్టుకున్న ఆ సమయం తిరిగి రాదు.

మీ కదలిక బంతితో కాదు, పిచ్చర్ చేతితో మొదలవ్వాలి. ఆమె చెయ్యి గాలిలో గడియారం ముల్లులా ఒక చుట్టు చుడుతుంది. చేతులు విడివడి చెయ్యి పైకి లేస్తున్నప్పుడే మీరు లోడ్ అవ్వాలి: బరువు వెనక కాలి లోపలి అంచు మీదికి, పిడికిళ్ళు ఐదారు సెంటీమీటర్లు వెనక్కి. చెయ్యి తల మీద 12 దగ్గర ఉన్నప్పుడు మీ ముందు కాలు గాల్లో ఉండాలి. బంతి తుంటి దగ్గర చెయ్యి దాటే క్షణానికి, మరీ అయితే ఆ వెంటనే, ముందు కాలి మునివేళ్ళు నేలను తాకాలి. మడమ మాత్రం ఇంకా దిగకూడదు. అప్పటి నుంచి బంతిని చదవడమే పని. కొట్టే బంతి అని తేలితే మడమ దిగుతుంది, దాని వెంటే తుంటి తిరుగుతుంది. కాదని తేలితే మడమ అక్కడే ఆగిపోతుంది.

అడుగు పొడవు 15 నుంచి 20 సెంటీమీటర్లు. జానెడు దాటితే తల ముందుకూ కిందికీ జారుతుంది. తల కదిలితే బంతి ఉన్నదానికంటే వేగంగా వస్తున్నట్టు కనిపిస్తుంది. కాలు మెత్తగా, చప్పుడు లేకుండా దిగాలి. సిమెంటు గచ్చు మీద బూటు చప్పుడు వినిపించిందంటే బరువంతా ముందుకు పడినట్టే.

వేగమైన పిచ్చర్ వచ్చినా స్వింగ్ మార్చొద్దు. లోడ్‌ను కాస్త ముందుకు జరపండి, అంతే.

క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళు ముందుగా ఏం మార్చుకోవాలి?

అన్నిటికంటే ముందు పేర్ల గందరగోళం. క్రికెట్‌లో బ్యాటు కిందికి వేలాడుతుంది కనుక కుడిచేతి బ్యాటర్‌కు ఎడమ చెయ్యి పై చెయ్యి. ఇక్కడ బ్యాటు పైకి నిలబడి ఉంటుంది, అదే ఎడమ చెయ్యి కింది చెయ్యి అవుతుంది. చేతులు మారలేదు, పేర్లు తారుమారయ్యాయి. "పై చెయ్యి వదులు చెయ్" అని కోచ్ అరిస్తే వేరే చెయ్యి వదులు చేసేది ఇందుకే.

పట్టు అరచేతిలో కాదు, వేళ్ళలో ఉండాలి. తలుపు తట్టేటప్పుడు తగిలే కణుపులు రెండు చేతులవీ దాదాపు ఒకే వరసలోకి రావాలి. నిలబడేటప్పుడు పాదాల మధ్య దూరం భుజాల కంటే కాస్త ఎక్కువ. పిడికిళ్ళు వెనక భుజం ఎత్తులో, భుజానికి బెత్తెడు దూరంలో. బ్యాటు సుమారు 45 డిగ్రీల వాలులో. రెండు కళ్ళూ పిచ్చర్ వైపే చూడాలి. తల పక్కకు తిరిగి ఉంటే వెనక కంటికి ముక్కే అడ్డొస్తుంది. ప్లేటుకు ఎంత దూరంలో నిలబడాలో తెలియకపోతే, నడుము దగ్గర కాస్త వంగి బ్యాటు కొస ప్లేటు అవతలి అంచుకు తగిలేలా చూసుకోండి. ప్లేటు వెడల్పు 43 సెంటీమీటర్లే.

ఇక షాట్లు. లెగ్ గ్లాన్స్, లేట్ కట్ ఇక్కడ ఫౌలే, రెండు గీతల మధ్య ఉన్న 90 డిగ్రీలే మీ మైదానం. ముందు కాలి మీద వాలి ఆడే డ్రైవ్ అలవాటు కూడా పనికిరాదు. ముందు కాలు ఇక్కడ గోడలా అడ్డుగా నిలవాలి, దాని మీద శరీరం తిరగాలి. మంచి బంతిని వదిలేయడం క్రికెట్‌లో ఓపిక అనిపించుకుంటుంది, ఇక్కడ స్ట్రైక్ (మూడైతే అవుట్) అనిపించుకుంటుంది.

బలం చేతుల నుంచి రాదంటారు. మరి ఎక్కణ్ణుంచి?

నేల నుంచి. ముందు మడమ దిగగానే ఆ కాలు బిగుసుకుంటుంది, తుంటి తిరుగుతుంది, ఆ లాగుడికి నడుము, ఛాతీ, భుజాలు వరసగా తిరుగుతాయి. చేతులు, బ్యాటు అందరికంటే చివర. ఈ వరసలో ఒకటి తరవాత ఒకటి రావాలి. అన్నీ ఒకేసారి తిరిగితే తలుపు తెరిచినట్టు ఉంటుంది, బంతి మీద దెబ్బ ఉండదు.

చూసుకోవలసింది ముఖ్యంగా వెనక మోచెయ్యి. స్వింగ్ మొదట్లో అది కిందికి దిగి పక్కటెముకల దగ్గరికి రావాలి, బ్యాటు నాబ్ (హ్యాండిల్ చివరి గుండ్రటి కొస) బంతి వైపు చూడాలి. అలా కాకుండా చేతులు ముందే చాచేస్తే బ్యాటు పెద్ద గుండ్రం తిరగాల్సి వస్తుంది, లోపలికి వచ్చిన బంతి హ్యాండిల్‌కు తగిలి చేతులు ఝుమ్మంటాయి. బంతి తగిలే క్షణంలో కుడి అరచెయ్యి ఆకాశం వైపు, ఎడమ అరచెయ్యి నేల వైపు ఉండాలి. మణికట్లు తిరగడం తగిలాకే. ముగింపులో వెనక బూటు లేసులు పిచ్చర్ వైపు చూస్తుంటాయి, మడమ లేచి ఉంటుంది. గడ్డం ముందు భుజం దగ్గర మొదలై వెనక భుజం దగ్గర ఆగుతుంది. తల కదలదు, భుజాలే దాని కింద తిరుగుతాయి.

పైనుంచి కిందికి కొట్టమని చెబుతుంటారు. నిజమేనా?

మేం ఒప్పుకోం. పిచ్చర్ తుంటి ఎత్తులో వదిలిన బంతి ప్లేటు దగ్గరికి వచ్చేసరికి కిందికి దిగుతూ ఉంటుంది. అలా దిగే బంతికి కింది నుంచి స్వల్పంగా, ఐదు నుంచి పది డిగ్రీల వాలుతో పైకి పోయే బ్యాటు ఎదురైతే రెండూ ఎక్కువ దూరం ఒకే దారిలో ఉంటాయి. టైమింగ్ కాస్త అటూ ఇటూ అయినా బంతి తగులుతుంది. గొడ్డలితో కట్టె కొట్టినట్టు దిగే బ్యాటుకు, బంతి దారికి కలిసేది ఒక్క చోటే. ఈ సలహా ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవచ్చు: చేతులు కిందికి జార్చి పైకి ఎగదోసే పిల్లలను సరిచేయడానికి. వాళ్ళకు కూడా "చేతులు జార్చకు" అని చెబితే సరిపోతుంది.

నా ఫౌల్ బంతులు అన్నీ ఒకే వైపు పోతున్నాయి. దాన్ని బట్టి ఏమైనా తెలుస్తుందా?

చాలా తెలుస్తుంది. మొదటి బేస్ వైపు, అంటే పిచ్చర్ వైపు చూస్తే మీకు కుడి పక్కకు, ఫౌల్ పోతే లేటు. మూడో బేస్ వైపు, ఎడమ పక్కకు, పోతే తొందర. నిటారుగా వెనక్కి, క్యాచర్ తల మీదుగా పోతే టైమింగ్ సరిగ్గా కుదిరింది, బ్యాటు బంతికి కాస్త కింద తగిలిందంతే. నిరాశ పడొద్దు, అది మంచి ఫౌల్.

తేడా ఎంత చిన్నదంటే, తగిలే సమయానికి బ్యాటు సెకనులో వందోవంతుకే సుమారు 15 డిగ్రీలో, ఇంకా ఎక్కువో తిరుగుతుంది. అదే సమయంలో 80 కి.మీ. బంతి 22 సెంటీమీటర్లు కదులుతుంది. కాబట్టి రెండు మూడు ఫౌల్స్ ఒకే వైపు పోతే మీరు నిలబడే బాక్సు నుంచి బయటికొచ్చి, లేటైతే పిచ్చర్ చెయ్యి కదిలిన వెంటనే లోడ్ మొదలుపెట్టాలని అనుకుని మళ్ళీ లోపలికెళ్ళండి. ఒకవేళ లోపలి బంతులకే మూడో బేస్ వైపు ఫౌల్ పోతుంటే సమస్య టైమింగ్ కాకపోవచ్చు, చేతులు ముందే చాచడం కావచ్చు.

ఎప్పుడూ గ్రౌండర్లే (నేల మీద దొర్లే బంతులే) వస్తుంటే మణికట్లు ముందే తిరుగుతున్నాయేమో చూడండి. ఎప్పుడూ పాప్ అప్‌లే (నిటారుగా గాల్లోకి లేచే బంతులే) అయితే వెనక భుజం కుంగుతోంది, లేదా ఛాతీ పైకి వచ్చే బంతుల వెంట పడుతున్నారు.

లోపలి బంతి, బయటి బంతి ఒకే చోట కొట్టకూడదా?

కూడదు. లోపలి బంతిని ముందు పాదం కంటే ముందే కలవాలి, మధ్య బంతిని ముందు పాదానికి ఎదురుగా, బయటి బంతిని ఇంకా లోపలికి రానిచ్చి, దాదాపు బొడ్డుకు ఎదురుగా. అందుకే లోపలి బంతికి నిర్ణయం ముందే జరగాలి. బయటి బంతిని మూడో బేస్ వైపు లాగాలని చూస్తే రెండో, మూడో బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్‌కు మెత్తని గ్రౌండర్ దక్కుతుంది. దాన్ని రైట్ ఫీల్డ్ వైపు పంపడమే తెలివి.

ఛేంజప్‌కు ప్రతిసారీ మోసపోతున్నాను. ఎలా?

ఫాస్ట్‌బాల్‌లాగే కనిపించి నెమ్మదిగా వచ్చే ఛేంజప్ అసలు ఉద్దేశమే అది. 80 వేసే పిచ్చర్ అదే చేతి వేగంతో 62 వేస్తే బంతికి పట్టే సమయం 0.50 నుంచి 0.65 సెకనుకు పెరుగుతుంది. ఆ తేడా ఒక స్వింగ్ మొత్తానికి పట్టేంత. అంటే మీ స్వింగ్ ముగిసేసరికి బంతి ఇంకా వస్తూనే ఉంటుంది.

మందు ఏమిటంటే, కాలు ఫాస్ట్‌బాల్ సమయానికే దిగాలి, చేతులు మాత్రం వెనకే ఉండాలి. అడుగుతో పాటు చేతులూ బరువూ ముందుకు పోయేవాళ్ళకు మాత్రమే ఛేంజప్ విషం. కాలు దిగాక ముందు మోకాలు కాస్త మెత్తబడి, చేతులు వెనక భుజం దగ్గరే నిలిస్తే ఆ 0.15 సెకను ఓపిక పట్టొచ్చు. పిచ్చర్ చేతి వేగం కంటే బంతి తిరుగుడు చూడటం నేర్చుకోండి, చాలా ఛేంజప్‌లకు తిరుగుడు బద్ధకంగా ఉంటుంది. రెండు స్ట్రైకులు పడక ముందు అయితే వదిలేయడమే మేలు. ఛేంజప్ కోసం కాచుక్కూర్చుంటే మాత్రం ఫాస్ట్‌బాల్ ముక్కు మీద నుంచి పోతుంది.

రైజ్ బాల్ నిజంగా పైకి లేస్తుందా? డ్రాప్‌కు ఏం చేయాలి?

కింద నుంచి పైకి వేసిన బంతి కనుక మొదటి నుంచీ పైకే వస్తుంది. వెనక్కి తిరిగే స్పిన్ వల్ల మన కన్ను అనుకున్నంత కిందికి దిగదు, దాంతో గాల్లో ఎగిరినట్టు అనిపిస్తుంది. మంచి రైజ్ బాల్ చివరికి స్ట్రైక్ జోన్ (స్ట్రైక్‌గా లెక్కించే ఎత్తుల హద్దు) దాటి పైకి పోతుంది కాబట్టి సూత్రం సులువు: పిడికిళ్ళ కంటే పైకి వస్తున్నట్టు కనిపిస్తే ముట్టుకోవద్దు. జోన్ కింది హద్దు మోకాళ్ళ పైభాగం. పై హద్దు ఆడే నిబంధనలను బట్టి చంక దగ్గరో, ఛాతీ ఎముక కింది అంచు దగ్గరో ఉంటుంది, మ్యాచ్‌కు ముందు అడిగి తెలుసుకోండి.

ప్లేటు దగ్గర కిందికి పడిపోయే డ్రాప్ బాల్‌కు బాక్సులో ముందుకు జరగండి, పడిపోకముందే అందుకోవచ్చు. బాక్సు పొడవు 7 అడుగులు, అందులో 4 అడుగులు ప్లేటు మధ్య గీతకు ముందే ఉంటుంది. బాగా వేగంగా వేసే పిచ్చర్ అయితే వెనక గీత దగ్గరికి జరగండి. 60 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే 80 కి.మీ. బంతికి దాదాపు 0.03 సెకను కలిసొస్తుంది. చిన్నదనిపిస్తుంది గానీ, పైన చెప్పిన డిగ్రీల లెక్క గుర్తుంటే అది ఫౌల్‌కూ, సూటిగా దూసుకుపోయే లైన్ డ్రైవ్‌కూ మధ్య తేడా.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఏ సైజు బ్యాటు కొనాలి?

29 నుంచి 31 అంగుళాల మధ్య, తేలికది. పెద్ద అమ్మాయిలకు 32, 33. పెద్దల ఆటలో 34 అంగుళాలు దాటకూడదు, లావు 2.25 అంగుళాలకు మించకూడదు. బ్యాటు మీద మైనస్ 10 అని ఉంటే, పొడవు అంగుళాల్లోంచి పది తీసేస్తే బరువు ఔన్సుల్లో వస్తుందని అర్థం: 32 అంగుళాల బ్యాటు 22 ఔన్సులు, అంటే సుమారు 620 గ్రాములు. ఒక్క చేత్తో, ఎడమ చేత్తో, బ్యాటును పక్కకు చాచి పట్టుకోమనండి. అర నిమిషంలోపే చెయ్యి వణికి కిందికి దిగితే అది ఆమెకు బరువు. "వచ్చే ఏడు పనికొస్తుంది కదా" అని పెద్దది కొనడం పెద్దవాళ్ళు చేసే పొరపాటు. యూనిఫాం అలా కొనొచ్చు, బ్యాటు కొనకూడదు.

కొత్త బ్యాటును ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదలొద్దు. నానిన తోలు బంతితో కొట్టొద్దు, బరువెక్కి చేతులకూ బ్యాటుకూ దెబ్బ.

ఇంటి దగ్గర తక్కువ ఖర్చుతో ఏం ప్రాక్టీస్ చేయొచ్చు?

బంతిని నిలబెట్టి కొట్టే స్టాండు, దాన్నే టీ అంటారు, ఇంట్లోనే తయారవుతుంది. 40 మి.మీ. పీవీసీ పైపు ఒక మీటరు లోపు ముక్క, దానిలోకి దూరే 32 మి.మీ. పైపు మరో ముక్క. బయటి పైపును పాత పెయింట్ డబ్బాలో నిలబెట్టి కాంక్రీటు పోయండి, డబ్బా నిండా కాకుండా సగం పోసినా కదలదు. లోపలి పైపుకు పది సెంటీమీటర్ల ఎడంలో రంధ్రాలు చేసి బోల్టు దూరిస్తే ఎత్తు మార్చుకోవచ్చు. పైన చివరకు ఒక జానెడు మెత్తటి రబ్బరు గొట్టం తొడగండి, బంతి దాని మీద కూర్చుంటుంది, బ్యాటు పైపును తగలదు. ఎదురుగా పాత దుప్పటిని వదులుగా వేలాడదీస్తే బంతి దాని కిందే పడిపోతుంది. బిగించి కడితే మీ మీదికే తిరిగొస్తుంది. లోపల, మధ్య, బయట మూడు చోట్లా పదేసి స్వింగ్‌లు, రెండు విడతలు.

టీ స్వింగ్‌ను నేర్పుతుంది, టైమింగ్‌ను నేర్పదు. పక్కనుంచి వేసే సాఫ్ట్ టాస్ కూడా అంతే. దుప్పటి మీద వంద బాదినవాళ్ళు మ్యాచ్‌లో తెల్లముఖం వేసేది ఇందుకే. టైమింగ్ కోసం ఎదురు నుంచే వేయాలి. వల అడ్డం పెట్టుకుని 6 మీటర్ల దూరం నుంచి 43 కి.మీ. వేగంతో వేసినా బ్యాటర్‌కు దొరికేది అదే అర సెకను. వేసేవాళ్ళు చెయ్యి పూర్తి చుట్టు తిప్పి వేయాలి, లేకపోతే బ్యాటర్ లోడ్ దేన్ని చూసి మొదలుపెట్టాలి?

బ్యాడ్మింటన్ కోర్టులకు మన రెండు ఊళ్ళలోనూ కొదవ లేదు. అక్కడ పారేసే ఈకల షటిళ్ళు ఒక సంచిడు తెచ్చుకోండి. నాలుగైదు మీటర్ల నుంచి విసిరిన షటిల్ మొదట వేగంగా వచ్చి సగం దారిలో నెమ్మదిస్తుంది, చేతులు వెనక నిలపడం నేర్పడానికి ఇంతకంటే మంచి గురువు లేదు. బ్యాటు బదులు సన్న కర్రతో కొడితే కన్ను కూడా పదునెక్కుతుంది. డాబా మీద చేసుకోవచ్చు, కిటికీలు పగలవు.

అన్నిటికంటే చవక పద్ధతి ఇంకోటి: పిచ్చర్ ప్రాక్టీస్ చేస్తుంటే హెల్మెట్ పెట్టుకుని ప్లేటు దగ్గర నిలబడి, కొట్టకుండా, అడుగు మాత్రం వేస్తూ "స్ట్రైక్", "బాల్" అని పైకి చెప్పడం. 30 బంతులు చాలు.

ఫోన్‌లో వీడియో తీస్తే ఏం చూడాలి?

మామూలు వీడియో సెకనుకు 30 ఫ్రేములు. ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య 80 కి.మీ. బంతి ముప్పావు మీటరు జరిగిపోతుంది, అసలు విషయం ఫ్రేముల మధ్యే పోతుంది. స్లో మోషన్‌లో 240 పెట్టండి. బ్యాటర్ ఛాతీ వైపు నుంచి, తుంటి ఎత్తులో ఫోన్ నిలపండి. పిచ్చర్ చెయ్యి కూడా ఫ్రేములో కనబడాలి. బంతి చెయ్యి దాటిన ఫ్రేము దగ్గర ఆపి బ్యాటర్ ముందు పాదం చూడండి. ఇంకా గాల్లో ఎత్తుగా ఉంటే జవాబు దొరికినట్టే.

బంతి వేగం కూడా కట్టొచ్చు. వదిలిన చోటు నుంచి ప్లేటుకు టేపుతో కొలిచిన దూరం 11.5 మీటర్లు, మధ్యలో 138 ఫ్రేములు వచ్చాయనుకోండి. 138ని 240తో భాగిస్తే 0.575 సెకను, అంటే సెకనుకు 20 మీటర్లు, గంటకు 72 కి.మీ.

బంతి తగులుతుందేమోనని పాప కాలు పక్కకు పెడుతోంది. తిడితే పోతుందా?

పోదు, పెరుగుతుంది. తప్పించుకోవడం నేర్పితే పోతుంది. ముందు టెన్నిస్ బంతులతో మొదలుపెట్టి, మీదికొచ్చే బంతికి ముఖం, ఛాతీ క్యాచర్ వైపు తిప్పి వీపు చూపించడం పదిసార్లు చేయించండి. వెనక్కి దూకడం, చేతులు అడ్డం పెట్టడం వద్దు. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ తప్పనిసరి. ఆ తరవాత ముందు పాదం దిగాల్సిన చోటికి పక్కగా, పాప వెనక వైపున ఒక ఇటుక పెట్టండి. కాలు పక్కకు పోతే తగులుతుంది. దాన్ని టీ దగ్గర మాత్రమే వాడండి, అసలు బంతులకు కాదు.

ఎడమ వైపు నుంచి పరుగెడుతూ కొట్టే స్లాప్ మా పిల్లలకు నేర్పొచ్చా?

వేగంగా పరుగెత్తే అమ్మాయి అయితే తప్పకుండా. బేసుల మధ్య దూరం 60 అడుగులే, ఎడమ వైపు నిలబడితే మొదటి బేసుకు ఒక అడుగు ముందే ఉన్నట్టు. మూడు సెకన్లలోపు చేరగలిగితే షార్ట్‌స్టాప్ వైపు పోయిన మెత్తని గ్రౌండర్ కూడా హిట్టే. వెనక కాలు ముందు కాలి మీదుగా దాటి పిచ్చర్ వైపు పడాలి, మొదటి బేస్ వైపు కాదు. బంతి తగిలే సమయానికి పాదం పూర్తిగా బాక్సు బయట నేల మీద ఉంటే అవుట్, అందరూ పడే గుంత ఇదే. మామూలు స్వింగ్ రానివాళ్ళకు అడ్డదారిగా మాత్రం నేర్పకండి.

మన గ్రౌండ్లలో ప్రత్యేకంగా చూసుకోవలసినవి ఉన్నాయా?

ఉన్నాయి. బడి గ్రౌండులో సున్నంతో డైమండ్ (బేసుల చదరం) గీసేటప్పుడు ప్లేటును ఎక్కడ పెడుతున్నారో చూడండి. బ్యాటర్ ఉత్తరం వైపు చూసేలా పెడితే ఉదయం, సాయంత్రం రెండు పూటలా ఎండ కళ్ళల్లో పడదు. పిచ్చర్ వెనక తెల్ల సున్నం గోడ ఉంటే పసుపు బంతి అందులో కలిసిపోతుంది. నర్సరీల్లో వాడే ముదురు ఆకుపచ్చ షేడ్ నెట్ రెండు మీటర్ల ఎత్తున కట్టండి, బంతి తేటగా కనిపిస్తుంది.

గుంటూరు వైపు నల్లరేగడి వాన పడితే బూట్లకు కిలోల లెక్కన అంటుకుంటుంది, ఎండితే నెర్రెలిస్తుంది. వెనక పాదం తిరగలేకపోతే ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. బ్యాటర్ బాక్సు వరకైనా ఎర్రమట్టి, ఇసుక కలిపి పరిచి చదును చేసుకోండి. రోహిణీ కార్తెలో ఉదయం ఎనిమిది దాటాక బ్యాటింగ్ ఆపేయండి. చెమట చేతుల్లో బ్యాటు జారితే పిల్లలు పట్టు బిగిస్తారు, బిగించిన చెయ్యి నెమ్మదిగా తిరుగుతుంది. జేబులో పొడి గుడ్డ, గ్రిప్ టేపు మార్చడం, అంతే పరిష్కారం. సాయంత్రం పైరగాలి తిరిగితే నెమ్మది బంతులు అటూ ఇటూ జరుగుతాయి, ఛేంజప్ మీద కన్నేసి ఉంచండి.

రోజుకు ఎన్ని స్వింగ్‌లు?

60 నుంచి 80, వారానికి నాలుగైదు రోజులు. లెక్క కంటే చేతులు చూడండి. పిడికిళ్ళు భుజం ఎత్తు నుంచి జారడం మొదలైందంటే ఆ రోజుకు అయిపోయింది. ఆపైన చేసేది తప్పును కంఠస్థం చేయడమే.

మ్యాచ్‌లో నా వంతు రాకముందు ఏం చేయాలి?

బ్యాటుకు బరువు రింగు తొడిగి తిప్పడం వల్ల తరవాత బ్యాటు తేలిగ్గా అనిపిస్తుందే గానీ వేగం పెరగదు. ఆ సమయాన్ని పిచ్చర్‌కు ఇవ్వండి. డగౌట్‌లో కూర్చున్నప్పటి నుంచే ఆమె చెయ్యి పైకి లేచినప్పుడు మీ మడమ లేపండి, బంతి వదిలినప్పుడు మునివేళ్ళు ఆనించండి. మొదటి బంతికి ఎక్కువగా ఏం వేస్తోంది, ఛేంజప్ వేసే ముందు గ్లౌవులో పట్టు మార్చుకోవడానికి ఎక్కువసేపు తడుముతోందా, అలసిపోయాక బంతి పైకి పోతోందా, ఇవి చూసి మీ తరవాత వచ్చే అమ్మాయికి చెప్పండి. బాక్సులోకి వెళ్ళాక ఆలోచన ఒక్కటే ఉండాలి: ఆమె చెయ్యి లేస్తే నా బరువు వెనక్కి.